ఉగాది బూజు దులిపే ముందు: వైట్‌ఫీల్డ్ ఇళ్లలో దుమ్ము, తుమ్ము

ఉగాది దగ్గరపడగానే సరిహద్దు గ్రామాల్లో అటక మీది సామాను కిందికి దిగుతుంది, బూజుకర్ర చేతికి వస్తుంది. తెలుగువారికైనా కన్నడిగులకైనా కొత్త ఏడాది ఆ రోజుతోనే మొదలు. పాత దుమ్ముతో కొత్త సంవత్సరంలోకి అడుగు పెట్టరాదన్నది ఇరువురి ఆచారం. కుప్పం, బంగారపేట, మాలూరు మీదుగా సాగే రైలు మార్గం వెంట ఈ ఆచారం వైట్‌ఫీల్డ్‌కు కూడా చేరింది. ఉద్యోగాలకని ఆ దారిన వెళ్లి, అక్కడే అద్దె ఇళ్లలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పండుగ ముందు ఊరి నుంచి అమ్మమ్మో, నాయనమ్మో వచ్చి ఇల్లంతా దులిపిపెట్టడం పరిపాటి.

అయితే ఇల్లు అద్దంలా మెరిసిన ఆ రాత్రే మనవడికి తుమ్ములు, దగ్గు, గుండెలో పిల్లికూతలు మొదలవుతాయి. ఇంత శుభ్రం చేసినా ఇలా ఎందుకయిందని పెద్దవారు దిగులు పడతారు. దానికి సమాధానం శుభ్రం చేసిన పద్ధతిలోనే ఉన్నది.

దుమ్ములో ఏమున్నది?

ఇంటి దుమ్ము అంటే మట్టి మాత్రమే కాదు. మన చర్మం నుంచి రాలే పొట్టు, దారపు పోగులు, బొద్దింకల వ్యర్థాలు, బూజు రేణువులు, పుప్పొడి అన్నీ అందులో కలిసి ఉంటాయి. వీటన్నిటిలో ముఖ్యమైనది డస్ట్‌మైట్ అనే సూక్ష్మజీవి. సాలీడు జాతికి చెందిన ఈ జీవి పొడవు మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. రాలిన చర్మపు పొట్టు దీని ఆహారం. పరుపులు, దిండ్లు, బొంతలు దీని నివాసం. 1960లలో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఇంటి దుమ్ము వల్ల కలిగే ఎలర్జీకి ఈ జీవే ప్రధాన కారణమని నిరూపించారు. ఇది కుట్టదు, కరవదు. దీని విసర్జనలోని ప్రోటీన్లు ఊపిరితో లోపలికి వెళ్లినప్పుడే తుమ్ములు, ఉబ్బసం రేగుతాయి. పొడి చీపురుతో ఊడ్చినప్పుడు, గదిలోనే పరుపు దులిపినప్పుడు అవి గాలిలోకి లేస్తాయి. మంచం కింద ఉన్న దుమ్ము పిల్లవాడి ముక్కు దగ్గరకు వచ్చి చేరుతుంది.

వైట్‌ఫీల్డ్ గాలి మారిన తీరు

1882లో ఆంగ్లో ఇండియన్ల వ్యవసాయ గ్రామంగా ఏర్పడిన వైట్‌ఫీల్డ్, 1990ల వరకు ప్రశాంతమైన పల్లెగానే ఉండేది. సాఫ్ట్‌వేర్ సంస్థలు వచ్చిన తరువాత తోటల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. 2023 మార్చిలో మెట్రో రైలు ప్రారంభమయ్యే వరకు స్తంభాల పనులు ఏళ్ల తరబడి సాగాయి. కొత్త కట్టడాల సిమెంటు, ఇసుక లారీల ధూళి కిటికీల గుండా ఇళ్లలోకి వస్తూనే ఉన్నది. బెంగళూరులోని తన ఆసుపత్రికి వచ్చిన పిల్లలను డాక్టర్ హెచ్. పరమేశ్ ఏళ్ల తరబడి పరిశీలించారు. వారిలో ఉబ్బసం ఉన్నవారు 1979లో 9 శాతం కాగా, 1999 నాటికి 29.5 శాతమని ఆయన నమోదు చేశారు.

పుప్పొడి సంగతి కూడా తెలుసుకోదగినదే. వసంతంలో గులాబీ రంగుతో విరబూసే టబేబుయా చెట్లను చాలామంది అనుమానిస్తారు. వాటి పుప్పొడిని మోసేవి కీటకాలు; అది గాలిలో అంతగా ఎగరదు. గాలిలో తేలి వచ్చేది సరుగుడు, గడ్డి జాతుల పుప్పొడి. వీటికి తోడు ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ ఉన్నది. కన్నడిగులు కాంగ్రెస్ గిడ అని పిలిచే ఈ మొక్కను మన దేశంలో 1950లలో పుణేలో గుర్తించారు. వానలు పడ్డాక ఇది విపరీతంగా పూస్తుంది. ముట్టుకుంటే కొందరికి చర్మంపై దద్దుర్లు వస్తాయి. పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేళ్లతో సహా పెరికివేయాలి.

ఏ క్రమంలో శుభ్రం చేయాలి?

మొదటి నియమం: ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవారు ఆ సమయంలో ఇంట్లో ఉండరాదు. పిల్లవాడు బడిలో ఉన్నప్పుడే పని ముగించి, దుమ్ము అణగడానికి రెండు గంటలైనా వ్యవధి ఇవ్వాలి. చీపురు పట్టేవారు ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో ఇళ్లు శుభ్రం చేసి జీవించేవారు రోజుకు మూడు నాలుగు ఇళ్ల దుమ్ము పీలుస్తారు. వారికి మాస్కు ఇవ్వడం ఇంటివారి బాధ్యత.

రెండవది, పై నుంచి కిందికి రావాలి. ముందు పైకప్పు మూలలు, తరువాత ఫ్యాను రెక్కలు, అలమరలు, కిటికీ దోమతెరలు, చివరికి నేల. బూజుకర్రకు తడిగుడ్డ చుట్టాలి. ఫ్యాను రెక్కకు పాత దిండు గలేబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా అందులోనే పడుతుంది. నేలను ఊడ్చే ముందు నీళ్లు చిలకరించాలి, లేదా తడిగుడ్డతో తుడవాలి.

మూడవది పడక. దుప్పట్లు, గలేబులను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే డస్ట్‌మైట్లు చనిపోతాయి. పరుపులు, బొంతలను మిద్దె మీద ఎర్రటి ఎండలో పెట్టి, అక్కడే దులిపి, సాయంత్రం కాకముందే లోపలికి తేవాలి. ఎదురుగా కట్టడం పని జరుగుతున్న ఇళ్లవారు, పుప్పొడి పడనివారు బట్టలను లోపలే ఆరవేసుకోవడం మేలు.

నాలుగవ జాగ్రత్త: బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎన్నడూ కలపరాదు. ఆ కలయిక నుంచి వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. శుభ్రం చేశాక మూసిన గదిలో సాంబ్రాణి, దోమల చుట్టలు వెలిగిస్తే చేసిన పనంతా వృథా అవుతుంది.

ఏడాదికి ఒకసారి చాలదు

డస్ట్‌మైట్లు నీరు తాగవు. గాలిలోని తేమను పీల్చుకుని బతుకుతాయి. ఉగాది వేళ బెంగళూరు గాలి బాగా పొడిగా ఉంటుంది కనుక పరుపులు ఆరబెట్టడానికి అది తగిన కాలం. పెద్దలు పెట్టిన ముహూర్తం ఆ విధంగా కలిసివచ్చింది. అయితే వానాకాలపు తేమలో అవి మళ్లీ పెరుగుతాయి, గోడలకు బూజు పడుతుంది, వయ్యారిభామ పూస్తుంది. కాబట్టి ఆయుధపూజకు ముందు మరొక్కసారి ఇదే క్రమంలో శుభ్రం చేయడం అవసరం.

ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా, అది మందుకు బదులు కాదు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో కొందరు తల్లిదండ్రులు దానిని మధ్యలో మానిపిస్తారు. అది వ్యసనం కలిగించే మందు కాదు. వైద్యుని అడగకుండా ఆపితే ప్రమాదం. పిల్లవాడు మాట పూర్తి చేయలేక ఆయాసపడుతున్నా, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఊరి నుంచి వచ్చే అమ్మమ్మకు బూజుకర్ర అందించేటప్పుడు ఒక తడిగుడ్డ, ఒక మాస్కు కూడా అందిస్తే చాలు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ సుఖంగా నిద్రపోతారు.