కొత్త ఫోను, పాత వ్రాతలు

1931లో విజయనగరము-రాయపూరు రైలుమార్గము పూర్తియైన పిదప తెలుగుసీమతో బంధము బలపడిన రాయపూరు నగరమున, నేటి తెలుగు గృహములలో సరుకుల పట్టికయు, మందుల వేళలును, చేబదుళ్ల లెక్కలును, కొంత తెలుగులో, కొంత హిందీలో, ఫోనులోనే వ్రాసికొనబడుచున్నవి. 2018లో ఇచ్చటి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము దాదాపు 50 లక్షల మందికి స్మార్ట్‌ఫోనులు పంచ నుద్దేశించి ‘సంచార్ క్రాంతి యోజన’ను చేపట్టినది. నాటి ఫోనులకు కాలము చెల్లినది. ఇప్పుడు కొత్తవి కొనుటకు జయస్తంభ్ చౌక్ చెంతనున్న రవి భవన్ దుకాణములకు పోవువారు కెమెరాను, బ్యాటరీని, వెలను విచారింతురే కాని, తమ వ్రాతల గతి యేమని విచారించువారు అరుదు.

పేర్లును, నంబర్లును, ఫొటోలును సాధారణముగా కొత్త ఫోనులోనికి సులువుగానే వచ్చును. వ్రాతల విషయము వేరు. కొన్ని నోట్స్ యాప్‌లు వ్రాసినదానిని ఆ ఫోను జ్ఞాపకములోనే దాచును. కొన్ని తమ కంపెనీ ఫోనులలో మాత్రమే చక్కగా పనిచేయును. 2013లో వెలువడిన గూగుల్ కీప్ అట్లుగాక ఖాతాతో ముడిపడియున్నందున, కొత్త ఫోనులో అదే ఖాతాతో ప్రవేశించినంతనే పాత పట్టికలన్నియు కానవచ్చును. ఇంటివారితో పంచుకొనవచ్చును కూడ. గృహావసరములకు ఇది చాలునని నా నిశ్చితాభిప్రాయము.

అయినను ఉచితముగా లభించునది శాశ్వతమని నమ్మరాదు. గూగుల్‌వారిదే యైన నోట్‌బుక్ అను వ్రాతల సేవ 2012లో మూతపడినది. ఎవర్‌నోట్ అను నోట్స్ యాప్ 2023 డిసెంబరునుండి ఉచిత ఖాతాలను 50 వ్రాతలకు పరిమితము చేసినది. కావున యాప్‌ను ఎంచునపుడు అందు ఎట్లు వ్రాయవచ్చునను ప్రశ్నకంటె, వ్రాసినదానిని వెలికి ఎట్లు తీయవచ్చునను ప్రశ్నయే ప్రధానము. అబ్సిడియన్ అను యాప్ ప్రతి వ్రాతను ఏ యంత్రమందైనను తెరువదగిన సామాన్య ఫైలుగా దాచును. జాప్లిన్ అను మరొక యాప్ అట్టి ఫైళ్లుగా వెలికి తీసికొననిచ్చును. జీవితకాలపు దినచర్యను, కుటుంబచరిత్రను వ్రాయుచున్న పెద్దలకు ఇవియే తగినవి. యూనికోడ్ అను అక్షరసంకేత పద్ధతిలో 1991నుండియే తెలుగునకు స్థానమున్నందున, అందు వ్రాసిన అక్షరములు యాప్ మారినను చెడవు. అయితే వెదకుపెట్టెలో ఒక తెలుగు మాటను, ఒక హిందీ మాటను వ్రాసి, రెండును దొరకుచున్నవో లేదో ముందుగా పరీక్షింపవలెను. బ్యాంకు రహస్యసంఖ్యలను మాత్రము ఇట్టి యాప్‌లలో వ్రాయనే రాదు.

పాఠకులారా, పాత ఫోనును దుకాణదారునకు అప్పగించుటకు ముందు రెండు ఫోనులను ప్రక్కప్రక్కన ఉంచి, వ్రాతలన్నియు కొత్తదానిలో తెరచుకొనుచున్నవని కన్నులార చూచిన పిమ్మటనే పాతదానిని తుడిచివేయుడు.