ముద్దాయి తరఫున

కుట్ర కేసుల కట్టలు విప్పడమే వృత్తిగా నాలుగు దశాబ్దాలు నిలబడ్డ క్రిమినల్ లాయరు కె.జి. కన్నబిరాన్. ‘అలాంటివాళ్ల కేసు ఎలా తీసుకుంటారు?’ అని అడిగేవాళ్లకు ఆయన వృత్తి జీవితమే జవాబు.

కుట్ర కేసు పెట్టడానికి శవం అక్కర్లేదు, కత్తి దొరకక్కర్లేదు. పాట రాసినవాడు, దాన్ని అచ్చేసినవాడు, సభలో పాడినవాడు, ఆ సభ విని ఊరెళ్లి ఏదో చేశాడని పోలీసులు చెప్పేవాడు... అందరూ ఒకే ఛార్జిషీటులోకి ఎక్కుతారు. ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోయినా అడ్డేమీ లేదు. కుట్రకు శిక్ష వేసే 120-బి సెక్షన్‌ను శిక్షాస్మృతిలోకి బ్రిటిష్ ప్రభుత్వం 1913లో చేర్చింది. దానికి తోడు సాక్ష్యాల చట్టంలో 10వ సెక్షన్. కుట్ర ఉందని నమ్మడానికి తగిన కారణం కనిపిస్తే చాలు, అందులో ఒకరి మాటా రాతా చేతా మిగిలినవాళ్లందరి మీదా పనికొస్తుంది. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, సెక్షన్లు మాత్రం ఉండిపోయాయి. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చినప్పుడు కూడా వాటి నంబర్లు మారాయంతే.

1970లలో ఈ సెక్షన్లకు ఆంధ్రప్రదేశ్‌లో చేతినిండా పని దొరికింది. పార్వతీపురం కుట్ర కేసు, నాగిరెడ్డి కుట్ర కేసు, సికింద్రాబాద్ కుట్ర కేసు వరసగా వచ్చాయి. ఒక్కో కేసులో ముద్దాయిల బారెడు జాబితా, గదికి సరిపడా కాగితాలు. వీటిలో పార్వతీపురం, సికింద్రాబాద్ కేసుల్లో ముద్దాయిల తరఫున నిలబడ్డ పేరు కన్నబిరాన్.

కందాళ గోపాలస్వామి కన్నబిరాన్ 1929 నవంబర్ 9న మదురైలో పుట్టారు. పెరిగింది నెల్లూరులో. మద్రాసులో ఎకనామిక్స్ ఎం.ఏ., ఆపైన లా. 1960ల మొదట్లో హైదరాబాద్ వచ్చి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అప్పటికి ఆయన చాలామందిలో ఒక లాయరు. హైకోర్టులో మంచి పేరు తెచ్చుకుని, పెద్ద క్లయింట్లను చూసుకుని స్థిరపడే దారి ఆయనకూ ఉంది. ఆ దారి తప్పించింది శ్రీకాకుళం.

1967 నుంచి 1970 దాకా శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన పోరాటం, దాని మీద పోలీసు దాడులు. 1970 జులైలో నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. బతికి దొరికినవాళ్ల మీద పార్వతీపురం కుట్ర కేసు పెట్టారు. వందకు పైగా ముద్దాయిలు. వాళ్లలో గిరిజనులున్నారు, బడి పంతుళ్లున్నారు, గుణుపురంలో లాయరుగా పనిచేసిన నాగభూషణ్ పట్నాయక్ ఉన్నారు. విశాఖపట్నంలో విచారణ. ఇంతమందికీ ఫీజిచ్చే స్తోమత ఎక్కడిది? అసలు కోర్టునే గుర్తించబోమన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. కోర్టు మీద నమ్మకం లేని క్లయింటు, కోర్టునే నమ్ముకున్న లాయరు. ఈ పొత్తు ఎలా కుదిరిందా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ క్లయింట్ల నమ్మకాలన్నీ తనవి కావాల్సిన పని లాయరుకు లేదు. వాళ్ల మీద ప్రభుత్వం మోపిన నేరాన్ని రుజువు చేయమని అడగడమే అతని పని.

ఆ అడగడం ఎలా ఉంటుందో సినిమాలు మనకు సరిగ్గా చూపించలేదు. బల్ల గుద్దడం, ‘యువరానర్’ అంటూ గొంతు పెంచడం, ఆఖరి నిమిషంలో సాక్షి పరుగెత్తుకు రావడం. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఒక పూట కూర్చుంటే ఇవేవీ కనిపించవు. క్రిమినల్ డిఫెన్స్ అంటే ముప్పాతిక వంతు కాగితం చదవడమే. మధ్యవర్తుల నివేదికలో రాసిన టైముకూ ఎఫ్ఐఆర్‌లో టైముకూ పొంతన ఉందా? స్వాధీనం చేసుకున్న వస్తువు కోర్టుకు ఏ రోజు చేరింది, ఈలోగా ఎవరి దగ్గరుంది? అదే మధ్యవర్తి అదే స్టేషన్ తాలూకు ఎన్ని కేసుల్లో సంతకం పెట్టాడు? సాక్షి దర్యాప్తులో పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటులో చెప్పని సంగతి బోనులో ఎందుకు చెబుతున్నాడు? పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదని చట్టం చెబుతుంది. అందుకే ‘ముద్దాయి చూపిస్తే ఫలానా వస్తువు దొరికింది’ అనే దారిలో ఆ ఒప్పుకోలును లోపలికి తేవాలని చూస్తారు. ఆ దారి ఎక్కడ మూసుకుపోతుందో డిఫెన్స్ లాయరుకు తెలిసుండాలి. కుట్ర కేసులో ఇదంతా ఒక్కో ముద్దాయికీ విడివిడిగా చేయాలి. ‘ఈ మనిషిని ఆ గొలుసుకు కట్టే ముక్క ఏది?’ అని మళ్లీ మళ్లీ అడగాలి.

పార్వతీపురం కేసులో అందరూ బయటపడలేదు, కొందరికి శిక్షలు పడ్డాయి. సికింద్రాబాద్ కేసు కథ వేరు. 1974లో విప్లవ రచయితల సంఘం సభ్యుల మీద పెట్టిన కేసది. వరవరరావు, కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు, ఎం.టి. ఖాన్ వంటివాళ్లు ముద్దాయిలు. వాళ్ల రచనలు జనాన్ని హింసకు రెచ్చగొట్టాయన్నది ఆరోపణ. కవిత్వమే ప్రాసిక్యూషన్ సాక్ష్యం అన్నమాట. కవిత చదివి మనిషి హత్యకు బయల్దేరాడని రుజువు చేయడం ఏ ప్రాసిక్యూటరుకైనా కష్టమే. అయినా కేసు నడిచింది, వాయిదా మీద వాయిదా. మీరట్‌లో బ్రిటిష్‌వాళ్లు నడిపిన కుట్ర కేసు సుమారు నాలుగేళ్లలో తీర్పుకొచ్చింది. మన స్వతంత్ర దేశంలో ఈ కేసుకు పదిహేనేళ్లు పట్టింది. 1989లో కేసు కొట్టేశారు. చెరబండరాజు ఆ తీర్పు వినలేదు. ఆయన 1982లోనే కన్నుమూశారు.

నిర్దోషిగా తేలేదాకా పట్టే కాలమే మన దగ్గర ఒక శిక్ష. క్రిమినల్ లాయర్లందరికీ తెలిసిన సంగతే ఇది.

ఓడిన కేసుల గురించి కూడా చెప్పాలి. ఆదిలాబాద్ రైతుకూలీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఉరిశిక్ష పడింది. 1975 మే నెలలో ఆ ఉరి ఆఖరి క్షణంలో ఆగింది. దానికోసం పరుగులు తీసిన లాయర్లలో కన్నబిరాన్, పత్తిపాటి వెంకటేశ్వర్లు ఉన్నారు. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. ఆ జైలు స్థలంలోనే ఇవాళ గాంధీ ఆసుపత్రి ఉంది.

ఎమర్జెన్సీ పోయాక, 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో తార్కుండే కమిటీ ఏర్పడింది. ఎమర్జెన్సీలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ల నిజానిజాలు తేల్చడం దాని పని. కాళోజీ నారాయణరావు, అరుణ్ శౌరి, బి.జి. వర్గీస్ వంటివారితో పాటు కన్నబిరాన్ కూడా అందులో ఉన్నారు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, మరో ముగ్గురు యువకులు చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. కమిటీ సాక్షులను వెతికి పట్టుకుని, పట్టి తెచ్చి కాల్చారని తేల్చింది. ఆ తర్వాత ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేసింది. బాధితుల తరఫున వాదించింది కన్నబిరానే. సాక్ష్యాలు బయటికి పొక్కుతుండగా మిగతా విచారణ తలుపులు మూసి జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. దాంతో బాధితుల పక్షం తప్పుకుంది, కమిషన్ ఆగిపోయింది. తలుపులు తెరిచే ఉంటే మన ఎన్‌కౌంటర్ల చరిత్ర వేరుగా ఉండేదేమోనని నాకు అనిపిస్తుంటుంది.

ఇక్కణ్ణుంచి ఆయన వృత్తికి ఒక్క ప్రశ్నే కేంద్రమైంది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే అది హత్య కేసు అవునా కాదా? చనిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు రాసి, ఫైలు మూసేయడం అప్పటి ఆనవాయితీ. ఆత్మరక్షణ కోసం కాల్చామంటే కాల్చి ఉండొచ్చు. ఆ సంగతి మామూలు మనిషి కోర్టులో రుజువు చేసుకోవాలి కదా, పోలీసు ఎందుకు చేసుకోకూడదు? 1978 నుంచి పదిహేనేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షుడిగా, ఆ తర్వాత దేశవ్యాప్త పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ జాతీయ అధ్యక్షుడిగా ఆయన ఈ ప్రశ్న వదల్లేదు. ఆ కాలంలో సంఘంలో ఉండటమంటే ప్రాణం పణంగా పెట్టడమే. వరంగల్‌లో పిల్లల డాక్టరు రామనాథంను 1985లో, లాయరు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991లో చంపేశారు.

విమర్శ కూడా ఉంది. రాజ్యహింసను అడిగినంత గట్టిగా నక్సలైట్ల హింసను హక్కుల సంఘాలు అడగలేదన్నది కొట్టిపారేసే మాట కాదు. లెక్కల మేష్టారుగా ఉండి తర్వాత లాయరైన కె. బాలగోపాల్ ఆ చర్చ మీదే పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చారు, 1998లో మానవహక్కుల వేదిక పుట్టింది. కన్నబిరాన్ ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదికలో చేరారు. ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ నిలదీస్తూ, 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చల బల్ల దాకా తీసుకొచ్చిన ప్రయత్నం అది. చర్చలు విఫలమయ్యాయి.

2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ పాత ప్రశ్నకు జవాబిచ్చింది: ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాల్సిందే. 2010 డిసెంబర్ 30న కన్నబిరాన్ కన్నుమూసేనాటికి ఆ తీర్పు సుప్రీంకోర్టు స్టేలో ఉంది. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది.

అదే ఏడాది డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో, ఒక వెటర్నరీ డాక్టరుపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ డాక్టరు మీద జరిగిన ఘోరానికి కడుపు మండని తెలుగు మనిషి లేడు. ఆ మంటలోనే ఒక సంగతి మరిచిపోయాం. ఆ నలుగురే నేరం చేశారని ఏ కోర్టూ తేల్చలేదు, వాళ్ల తరఫున ఒక్క లాయరూ ఒక్క సాక్షిని అడగలేదు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మదగ్గది కాదంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని అభిప్రాయపడింది. పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలంది.

కన్నబిరాన్ ఆత్మకథ పేరు ‘24 గంటలు’. రాజ్యాంగం 22వ అధికరణం చదివినవాళ్లకు ఆ అంకె కొత్త కాదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి, తనకు నచ్చిన లాయరుతో మాట్లాడుకోనివ్వాలి. నేరం ఎంత పెద్దదైనా, డబ్బు లేకపోయినా సరే. స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాల్సిందే. అందుకు ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంది. మీ ఇంట్లోగానీ మీ వీధిలోగానీ ఎవరినైనా పోలీసులు పట్టుకెళితే, లాయరు దొరక్కపోతే, 15100 నంబరుకు ఫోను చేయండి. ఆ ఫోనుకు డబ్బులక్కర్లేదు, వచ్చే లాయరుకు ఫీజు ఇవ్వక్కర్లేదు.