కొరోనా ష్రోటర్: గాయని, నటి, స్వరకర్త

గోథే రచించిన 'ఎర్ల్‌కోనిగ్' గేయం పేరు చెప్పగానే పాశ్చాత్య సంగీతంతో పరిచయం ఉన్నవారికి షూబర్ట్ గుర్తుకు వస్తాడు. కాని షూబర్ట్ పుట్టడానికి 15 సంవత్సరాల ముందే ఆ గేయానికి తొలి బాణీ కట్టి, స్వయంగా పాడినది ఒక స్త్రీ. ఆమె పేరు కొరోనా ష్రోటర్. ఈ పాఠంలో ఆమె జీవితాన్ని, ఆమె రచనను అంచనా వేయవలసిన తీరును తెలుసుకొందాం.

1. బాల్యం, శిక్షణ

కొరోనా 1751లో జర్మనీలోని గూబెన్ పట్టణంలో జన్మించింది. తండ్రి ఓబో వాద్యకారుడు. తొలి సంగీత పాఠాలు ఇంట్లోనే సాగాయి. తరవాత లైప్‌జిగ్ నగరంలో యోహాన్ ఆడమ్ హిల్లర్ వద్ద ఆమె గానం అభ్యసించింది. ఆ నగరంలో పేరుపొందిన సెయింట్ థామస్ చర్చి గాయక బృందంలో మగపిల్లలకే ప్రవేశం ఉండేది. అటువంటి చోట హిల్లర్ ఆడపిల్లలకు కూడా క్రమబద్ధంగా సంగీతం నేర్పడం విశేషం. యుక్తవయసులోనే ఆమె నగర కచేరీలలో పాడి పేరు తెచ్చుకొంది. అప్పుడు అక్కడ విద్యార్థిగా ఉన్న గోథే ఆమె గానం విన్నాడు.

2. వైమార్ ఆస్థానం

1776లో గోథే సిఫారసుతో కొరోనా వైమార్‌కు వచ్చి, రాజమాత అన్నా అమాలియా కొలువులో ఆస్థాన గాయనిగా చేరింది. అంతకు రెండేళ్ళ ముందు రాజభవనంతో పాటు అక్కడి రంగశాల కూడా కాలిపోయింది. అందువల్ల ఆస్థానంలోని వారే నాటకాలు ప్రదర్శించుకొనేవారు. ఆ బృందంలో శిక్షణ పొందిన కళాకారిణి కొరోనా. 1779లో గోథే నాటకం 'ఇఫిగేనియా' తొలి ప్రదర్శనలో ఆమె నాయిక పాత్ర ధరించగా, గోథే ఆమె సోదరుడు ఒరెస్టెస్‌గా నటించాడు.

1782 జూలైలో టీఫుర్ట్ ఉద్యానవనంలో, ఇల్మ్ నది ఒడ్డున, గోథే రాసిన 'జాలరి యువతి' ప్రదర్శితమైంది. ఇది సింగ్‌ష్పీల్, అంటే మాటలూ పాటలూ కలిసిన నాటకం. దీనికి సంగీతం కూర్చినదీ, నాయిక పాత్ర పోషించినదీ కొరోనాయే. 'ఎర్ల్‌కోనిగ్' ఈ నాటకంలోని మొదటి పాట.

3. ఒక గేయం, రెండు బాణీలు

జబ్బుపడిన కొడుకును పొదివి పట్టుకొని ఒక తండ్రి రాత్రివేళ గుర్రంపై వెళుతుంటాడు. పిల్లవాడికి మాయారాజు కనిపిస్తాడు. ఇల్లు చేరేసరికి బిడ్డ మరణిస్తాడు. 1815లో షూబర్ట్ ఈ కథకు పియానోలో గుర్రపు డెక్కల వేగాన్ని, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క స్వర ధోరణిని ఇచ్చాడు. కొరోనా బాణీ చాలా చిన్నది. ప్రతి చరణానికీ అదే బాణీ తిరిగి వస్తుంది.

దీన్నిబట్టి ఆమెకు సామర్థ్యం తక్కువని భావించవచ్చునా? సందర్భాన్ని గమనించండి. నాటకంలో జాలరి యువతి తండ్రికోసం, పెళ్ళి కుదిరిన యువకుడికోసం ఎదురుచూస్తూ, పని చేసుకుంటూ ఈ పాట పాడుతుంది. అలా పాడుకొనే పాట తేలికగా నోటికి రావాలి. గోథే కోరుకొన్నదీ జానపద గేయం వంటి సరళతనే. కనుక ఆ సరళత పాత్రకు తగినది, లోపం కాదు.

4. ముద్రణలో స్త్రీ పేరు

1786లో కొరోనా తన పేరుతో 25 పాటల సంపుటిని వైమార్‌లో ప్రచురించింది. 'ఎర్ల్‌కోనిగ్' అందులో ఉంది. ప్రచురణకు ముందు వెలువరించిన ప్రకటనలో, స్త్రీ ఒంటరిగా లోకం ముందుకు రావడం మర్యాద కాదనే భావనతో తాను ఎంతో సంకోచించానని ఆమె తెలిపింది. ఏళ్ళ తరబడి వేదికపై పాడిన వ్యక్తికి ఈ సంకోచం ఎందుకు? వేదికపై ఆమె మరొకరి మాటలకు గొంతునిచ్చే కళాకారిణి. వెనుక ఆస్థానం అండ ఉంది. ముద్రిత సంపుటిలో మాత్రం సృష్టికర్తగా తన పేరే తీర్పుకు నిలబడుతుంది. అయినా ఆమె వెనుకంజ వేయలేదు. 1794లో 16 పాటలతో రెండవ సంపుటి వచ్చింది. 1802లో ఇల్మెనావ్ పట్టణంలో ఆమె మరణించింది.

5. సారాంశం

కొరోనాను 'గోథే నాయిక'గానో, 'షూబర్ట్‌కు ముందు వ్యక్తి'గానో మాత్రమే చూస్తే ఆమె సొంత కృషి మరుగున పడుతుంది. ఏ రచననైనా అది ఏ అవసరానికి పుట్టిందో తెలుసుకొన్న తరవాతే తూచాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఎర్ల్‌కోనిగ్' రెండు బాణీల మధ్య భేదానికి కారణమేమి?
2. గానానికి వెనుదీయని కొరోనా ప్రచురణకు ఎందుకు సంకోచించింది? మీ మాటల్లో రాయండి.