గోడపై చెరసాల

ఇంటిని మంగళకరమైన చిత్రాలతో అలంకరించుకోవడం మన ఆచారం. అటువంటి ఇంట చెరసాలను చూపే చిత్రానికి చోటు ఉండవచ్చునా? ఒక ప్రసిద్ధ చిత్రం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ డోరే లండన్ నగర జీవితాన్ని చిత్రించిన గ్రంథం 1872లో వెలువడింది. న్యూగేట్ కారాగారంలో ఖైదీల వ్యాయామ దృశ్యం అందులో ఉంది. ఆ నలుపు తెలుపుల చిత్రాన్ని 1890 ఫిబ్రవరిలో విన్సెంట్ వాన్ గో తైలవర్ణాలలో పునఃసృష్టించాడు. అప్పుడాయన దక్షిణ ఫ్రాన్సులోని ఒక మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు.

నలువైపులా ఆకాశాన్ని మరుగుపరచే ఎత్తైన గోడలు. వాటి నడుమ ఖైదీలు వలయాకారంగా నడుస్తున్నారు. ఆ నడకకు గమ్యం లేదు. టోపీ లేని ఒక ఖైదీ మాత్రం ముఖం మనవైపు తిప్పాడు. గోడపై ఎత్తున రెండు సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి. ఒక మూలన కావలివాడు, పొడవాటి టోపీలు ధరించిన ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. ఖైదీల వేదన వారిని తాకినట్లు కనిపించదు.

వాన్ గో అదే సంవత్సరం జూలై 29న మరణించాడు. ఆయన పార్థివదేహాన్ని ఉంచిన గది గోడలపై వేలాడిన చిత్రాలలో ఇదీ ఒకటని మిత్రుడు ఎమిల్ బెర్నార్ లేఖలో పేర్కొన్నాడు. తరువాత మాస్కో సంపన్నుడు ఇవాన్ మొరొజోవ్ దీనిని సేకరించాడు. ప్రస్తుతం ఇది ఆ నగరంలోని పుష్కిన్ మ్యూజియంలో ఉంది. ముద్రిత ప్రతులు మాత్రం ఎవరి గోడకైనా చేరగలవు.

దుఃఖాన్ని చిత్రంగా చూడడం మనకు కొత్త కాదు. భవభూతి ఉత్తరరామచరిత ప్రథమాంకంలో సీతారాములు తమ వనవాస గాథను చిత్రాలలో తిలకిస్తారు. గడచిపోయిన కష్టమే అయినా వారి హృదయాలు ద్రవిస్తాయి. కారాగారంలో దేవకీవసుదేవుల పటాన్నీ, గోల్కొండ చెరలోని రామదాసు పటాన్నీ అశుభమని మనం తలచలేదు. అయితే అక్కడ బందీలు మనకు పూజ్యులు. వాన్ గో చిత్రంలోని బందీలకు పేర్లయినా లేవు. పేరు తెలియనివారిపై కరుణ చూపడమే కష్టమైన పని.

కనుక ఇటువంటి చిత్రాన్ని గోడరంగుకు నప్పిందని తగిలించడం ఉచితం కాదు. దాని చరిత్ర తెలుసుకోవాలి. అతిథి అడిగితే వివరించగలగాలి. పిల్లలు భయపడితే వారికి అర్థమయ్యేలా చెప్పాలి. విందులు జరిగే చోటుకన్నా చదువుకునే గది దానికి తగిన స్థానం.

పరుల బాధను కేవలం అలంకారంగా చూసే గృహస్థు, తెలియకుండానే ఆ పెద్దమనుషుల సరసన మూడవవాడై నిలుస్తాడు. మనవైపు తిరిగిన ఖైదీ ముఖాన్ని గమనించినవాని ఇంట మాత్రం ఆ చిత్రం అశుభం కాదు. అది కరుణకు తెరచిన కిటికీ.