అపరిచితునికి చేయూత : ఆన్‌లైన్ పాత్రధారణ క్రీడల్లో పరస్పర సాయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వేలమంది ఆటగాళ్లు అంతర్జాలం ద్వారా ఒకే కల్పితలోకంలో పాత్రలు ధరించి ఆడే క్రీడల్లో, అనుభవజ్ఞులు అపరిచితులకు చేసే సాయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ సాయం ఆటగాళ్ల స్వభావం మీద కంటె, ఆట నియమాలు నష్టాన్ని నిర్మించే తీరు మీద ఎక్కువగా ఆధారపడుతుందని ఎవర్‌క్వెస్ట్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14 అనే మూడు క్రీడల ఆధారంగా వివరిస్తుంది. తెలుగు వ్యవహారంలోని చేబదులు, చదివింపులు, చలివేంద్రం అనే భావనలను, దానమీమాంసలోని పాత్రతను విశ్లేషణకు ఉపకరణాలుగా గ్రహిస్తుంది.

కీలక పదాలు: పాత్రధారణ క్రీడ, సాయం, పాత్రత, చేబదులు, చదివింపులు, గిల్డ్.

1. ఉపోద్ఘాతం

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా ‘మడ్’ అనే కంప్యూటర్ ఆటను రూపొందించడం మొదలుపెట్టాడు. సహవిద్యార్థి రిచర్డ్ బార్టిల్ దానిని కొనసాగించాడు. అందులో బొమ్మలు లేవు. గుహ, వంతెన, ఖడ్గం అన్నీ వాక్యాలుగానే తెరమీద కనిపించేవి. ఒకే సమయంలో పలువురు ఆ లోకంలో సంచరించగలగడమే దాని కొత్తదనం. ఈనాటి బృహత్తర పాత్రధారణ క్రీడలకు మూలం అక్కడ ఉంది.

1996లో బార్టిల్ ప్రకటించిన వ్యాసం ఆటగాళ్లను నాలుగు తెగలుగా విభజించింది. విజయాలు కూడబెట్టేవారు, లోకాన్ని అన్వేషించేవారు, సాంగత్యాన్ని కోరేవారు, ఇతరులను వేధించి చంపేవారు. క్రీడాధ్యయనాల్లో నేటికీ తరచుగా ప్రస్తావనకు వచ్చే ఈ విభజనలో ‘సాయపడేవాడు’ అనే తెగ లేకపోవడం గమనార్హం. దీనిని లోపంగా భావించనక్కరలేదు. దారి చూపడంలో అన్వేషకునికి తాను కనుగొన్నది చెప్పుకునే ఆనందం ఉంది. కొత్తవానిని వెంట తీసుకువెళ్లే విజయకాముకునికి తన బలం చూపుకునే అవకాశం ఉంది. సాయం ఒక స్వభావం కాదు, ఒక క్రియ. అది ఏ పరిస్థితిలో పుడుతుందన్నదే అసలు ప్రశ్న.

‘పాత్ర’ అనే పదం ఇక్కడ అనుకోకుండా ఉపకరిస్తుంది. నాటకంలో ధరించేది పాత్ర. దానం స్వీకరించడానికి అర్హుడైనవాడూ పాత్రుడే. దేశకాలపాత్రాలు ఎరిగి ఇవ్వాలనీ, అపాత్రదానం కూడదనీ మన దానమీమాంస హెచ్చరిస్తుంది. పాత్రధారణ క్రీడలో దాతకు కనిపించేది మొదటి అర్థంలోని పాత్ర మాత్రమే. ఎదుట నిలిచిన మరుగుజ్జు యోధుని వెనుక పన్నెండేళ్ల బాలుడున్నాడో, పదవీవిరమణ చేసిన ఉద్యోగి ఉన్నాడో తెలియదు. అతనికి నిజంగా అవసరముందో, అమాయకత్వం నటిస్తున్నాడో కూడా తెలియదు. పాత్ర కనిపిస్తుంది, పాత్రత కనిపించదు. అయినా సాయం జరుగుతూనే ఉంది.

2. శవాన్ని వెతికే దారి

1999 మార్చిలో విడుదలైన ఎవర్‌క్వెస్ట్‌లో మరణం కఠినమైనది. పాత్ర మరణిస్తే శ్రమపడి సంపాదించిన అనుభవాంకాల్లో కొంత నశించేది. అంతకంటె పెద్ద కష్టం మరొకటి. ఆయుధాలు, కవచం, సంచులు అన్నీ మరణించినచోటనే శవం మీద ఉండిపోయేవి. ఆటగాడు దూరాన ఎక్కడో పునర్జన్మించి, నిరాయుధుడై, తనను చంపిన మృగాల మధ్యకే తిరిగి వెళ్లి శవాన్ని చేరుకోవాలి. గడువులోగా చేరుకోలేకపోతే శవంతోపాటు సొత్తు కూడా పోయేది. వారాల తరబడి చేసిన శ్రమ ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం నిజంగానే ఉండేది.

ఈ కష్టం చుట్టూ ఒక సాయవ్యవస్థ అల్లుకుంది. నెక్రోమాన్సర్ తెగకు చెందిన మాంత్రికులు శవాన్ని తమ కాళ్లదగ్గరకు రప్పించగలరు. క్లెరిక్‌లు శవంపై పునరుజ్జీవన మంత్రం వేసి, పోయిన అనుభవంలో కొంతభాగం తిరిగి ఇప్పించగలరు. సామాన్య ఆటగాడు సైతం మరొకరి శవాన్ని సురక్షితమైన చోటికి ఈడ్చుకురాగలడు. అయితే శవం యజమాని ముందుగా అతనికి అనుమతి ఇవ్వాలి. ఈ నియమం లోతైనది. సాయం పొందడానికి ముందు, తన సర్వస్వం ఉన్న దేహాన్ని ఒక అపరిచితునికి అప్పగించడానికి ఆటగాడు నోరు తెరిచి ఒప్పుకోవాలి. నమ్మకం అక్కడ మనోభావంగా మిగలలేదు, ఒక ఆజ్ఞగా టైపు చేయవలసిన పనిగా మారింది.

ఇటువంటి సాయానికి ప్రతిఫలం నిర్ణీతంగా ఉండేది కాదు. తోచినంత నాణేలు ఇచ్చేవారున్నారు, కృతజ్ఞత చెప్పి ఊరుకున్నవారున్నారు. ఒక సర్వర్‌లో పేర్లు మారవు, మనుషులు మారరు. ఈరోజు శవాన్ని రప్పించిన మాంత్రికుడు వచ్చేవారం ఏదో గుహలో బృందానికి మనిషి చాలక పిలుపునిస్తాడు. అప్పుడు వెళ్లడం బాధ్యత. తెలుగు వ్యవహారంలో దీనికి సరిగ్గా సరిపోయే మాట చేబదులు. పత్రం లేదు, వడ్డీ లేదు, మరపు మాత్రం లేదు. ఇచ్చిన కానుకలో తిరిగి ఇవ్వవలసిన బాధ్యత దాగి ఉంటుందని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మాస్ 1925లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఈ ఆటలోకం ఒక నిదర్శనం.

చిన్న సాయాలూ ఉండేవి. ఒక ఆటగాడు మృగాల గుంపు వెంటపడగా గుహద్వారం వైపు పరుగెత్తుతుంటే, దారిలో ఉన్నవారిని హెచ్చరిస్తూ ‘ట్రెయిన్’ అని కేకవేయడం ఆచారం. తాను చావుకు దగ్గరగా ఉండి ఇతరులను తప్పుకోమనడం ఆ లోకపు మర్యాద. కేకవేయనివాని పేరు చెడేది. నియమావళిలో లేని శిక్ష అది.

3. నష్టం తగ్గినచోట

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ కాఠిన్యాన్ని సడలించింది. మరణించిన పాత్ర ప్రేతరూపంలో శవం దగ్గరకు నడిచివెళ్లి లేవవచ్చు, వస్తువులు పోవు. కోట్లాదిమందికి ఈ ఆట చేరువ కావడానికి ఇదొక కారణం. కాని ఇతరుల అవసరం కూడా ఆ మేరకు తగ్గింది. నికొలా డూషెనో, నిక్ యీ తదితరులు 2006లో ప్రకటించిన పరిశోధన ఈ ఆటలోని చాలామంది ఎక్కువ సమయం ఇతరుల మధ్య ఉంటూనే ఒంటరిగా ఆడుతున్నారని నిరూపించింది. వారికి ఇతరులు సహచరులుగా కంటె ప్రేక్షకులుగా, జనసందడిగా ఉపయోగపడుతున్నారన్నది ఆ పరిశీలన.

2009 డిసెంబరులో మరో మార్పు వచ్చింది. అంతవరకు గుహలోకి వెళ్లదలచినవారు నగరకూడలిలో కేకలు వేసి, పరిచయస్థులను అడిగి ఐదుగురిని కూర్చుకునేవారు. కొత్త సాధనం వేర్వేరు సర్వర్ల నుండి ఐదుగురిని తానే ఏరి జతచేయసాగింది. నిరీక్షణ తగ్గింది, పని తేలికైంది. అయితే ఆట ముగిశాక ఆ నలుగురు మళ్లీ ఎదురుపడే అవకాశం దాదాపు లేదు. తిరిగి కలవనివానికి చేబదులు ఎవరిస్తారు? తడబడే కొత్తవానికి ఓపికగా నేర్పడం కంటె ఓటు వేసి బృందం నుండి తొలగించడం సులువైపోయింది. దీనిని ఆటగాళ్ల నైతికపతనంగా వర్ణించే వాదం బలహీనమైనది. మనుషులు మారలేదు, వారి మధ్య ఉన్న రేపు తొలగిపోయింది.

సాయం ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకాన్ని కూడా ఇదే ఆట ప్రశ్నించింది. 2005 సెప్టెంబరులో ‘కరప్టెడ్ బ్లడ్’ అనే మాంత్రికరోగం ఒక గుహను దాటి నగరాల్లోకి పొరపాటున వ్యాపించింది. వైద్యశక్తి గల పాత్రలు ధరించినవారు కొందరు స్వచ్ఛందంగా రోగుల మధ్యకు వెళ్లి నయం చేయబూనారు. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ 2007లో ఒక ప్రముఖ వైద్యపత్రికలో ఈ ఘటనను విశ్లేషించారు. వెంటనే మరణించవలసినవారిని వైద్యులు బ్రతికించి ఉంచడం వల్ల వారు మరికొందరికి రోగం అంటించే వ్యవధి కూడా పెరిగి ఉండవచ్చని వారు గుర్తించారు.

4. కిరీటం – లెక్క

2010లో విఫలమై, 2013లో పునర్నిర్మితమైన ఫైనల్ ఫాంటసీ 14 సాయాన్ని యాదృచ్ఛికతకు వదలలేదు. బృందంలో ఆ గుహను మొదటిసారి చూస్తున్నవారుంటే మిగిలినవారికి అదనపు బహుమానం దక్కుతుంది. దానితో కొత్తవాడు భారం కాక, శుభశకునమయ్యాడు. ఆట చివర ప్రతి ఆటగాడు సహచరుల్లో ఒకరికి ప్రశంస ఇవ్వవచ్చు, ముందే జట్టుగా వచ్చిన మిత్రునికి ఇవ్వరాదు. ఈ చిన్న నిషేధంలో రూపకర్తల వివేకం కనిపిస్తుంది. ప్రశంస అపరిచితునికే దక్కాలని వారు పట్టుబట్టారు. 2016లో కొత్త ఆటగాళ్లు ప్రశ్నలు అడిగే సంభాషణ వేదికను, అక్కడ సమాధానాలిచ్చే ‘మెంటర్’ హోదాను ప్రవేశపెట్టారు. అర్హత పొందినవారి పేరు పక్కన కిరీటం గుర్తు మెరుస్తుంది. మెంటర్‌గా 2,000 సార్లు అపరిచితుల బృందాల్లో చేరి పని పూర్తిచేసినవారికి ఒక ప్రత్యేక వాహనం లభిస్తుంది.

ఇక్కడ చేబదులు చదివింపులుగా మారింది. పెళ్లిపందిట్లో ఎవరెంత ఇచ్చారో పైకి చదివి పుస్తకంలో ఎక్కించినట్లు, ప్రతి సాయమూ లెక్కకెక్కింది. చదివింపులను తక్కువగా చూడడం న్యాయం కాదు. ఎన్నో ఇళ్లలో పెళ్లిఖర్చు గట్టెక్కింది వాటివల్లనే. అలాగే ఈ ఏర్పాటు వల్ల అసంఖ్యాకులైన కొత్త ఆటగాళ్లకు తోడు దొరికింది. అయితే కిరీటం కోసమే కిరీటం పెట్టుకున్నవారు, వాహనం కోసమే 2,000 లెక్కించేవారు కూడా పుట్టుకొచ్చారు. కిరీటాన్ని చూసి నవ్వుకునే అలవాటు ఆటగాళ్లలోనే ఏర్పడింది. విశేషమేమంటే, ఆ గుర్తును దాచుకుని ప్రశ్నలకు సమాధానాలిచ్చే అనుభవజ్ఞులూ అక్కడే ఉన్నారు.

సాయానికి లెక్క కట్టడం మరో దిశలో న్యాయస్థానం దాకా వెళ్లింది. 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్‌లో కొందరు ఆటగాళ్లు ‘కౌన్సిలర్’ హోదాతో కొత్తవారి ఇబ్బందులు తీర్చేవారు. తాము చేసినది ఆట కాదు, జీతం లేని కొలువని వాదిస్తూ 2000లో పూర్వపు స్వచ్ఛంద కార్యకర్తలు అమెరికాలో దావా వేశారు. నియమితవేళలు, పర్యవేక్షణ ఉన్న సాయం ఎక్కడ వెట్టిచాకిరిగా మారుతుందన్న ఆ ప్రశ్న, కిరీటాలు పంచే ఏ ఆటకైనా వర్తిస్తుంది.

5. నియమాలకు వెలుపల

చేబదులుకూ చదివింపులకూ చెందని సాయం ఒకటుంది. వేసవిదారిలో చలివేంద్రం పెట్టినవాడు నీళ్లు తాగి వెళ్లేవాని ఊరు అడగడు. రోల్‌ప్లే గిల్డ్‌ల్లో, అంటే పోరాటం కంటె పాత్రోచిత సంభాషణకే ప్రాధాన్యమిచ్చే బృందాల్లో, దీని ఉనికి స్పష్టం.

నార్వేకు చెందిన మాట్స్ స్టీన్ డుషెన్ కండరక్షీణత వ్యాధితో బాధపడుతూ 2014లో 25 ఏళ్ల వయసులో మరణించాడు. చక్రాల కుర్చీకి పరిమితమైన కుమారుడు స్నేహమన్నది ఎరగకుండానే వెళ్లిపోయాడని తల్లిదండ్రులు దుఃఖించారు. అతని బ్లాగులో మరణవార్త ప్రకటించిన తరువాత పలు దేశాల నుండి ఉత్తరాలు రాసాగాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ‘ఐబెలిన్’ అనే పాత్రగా అతడు స్టార్‌లైట్ గిల్డ్‌లో ఏళ్ల తరబడి జీవించాడని అప్పుడు తెలిసింది. గిల్డ్ సభ్యులు కొందరు అంత్యక్రియలకు వచ్చారు. బెంజమిన్ రీ దర్శకత్వంలో 2024లో వెలువడిన డాక్యుమెంటరీ, భద్రపరచబడిన వేలాది పుటల సంభాషణల ఆధారంగా ఆ జీవితాన్ని పునఃసృష్టించింది.

ఆ పుటల్లో శవాలను రప్పించిన ఘనకార్యాలకంటె మాటలే ముఖ్యం. దిగులుతో ఉన్నవారిని ఓదార్చడం, ఆటిజం ఉన్న ఒక కుమారునికీ అతని తల్లికీ మధ్య దూరం తగ్గేలా సలహా చెప్పడం వంటివి వాటిలో ఉన్నాయి. ఈ పనులకు ఆట ప్రశంసాంకం ఇవ్వలేదు, వాహనం ఇవ్వలేదు. ఐబెలిన్ మాత్రం ప్రతిరోజూ ముందుగా నిర్ణయించుకున్న దారిలో పరుగు తీసేవాడు. పరుగు మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆగేవాడు. అతడు వ్యాధిగ్రస్తుడని గిల్డ్‌లో చాలామందికి చాలాకాలం తెలియదు. ఉపోద్ఘాతంలో చెప్పిన పాత్ర, పాత్రతల సమస్య ఇక్కడ తలక్రిందులవుతుంది. సాయం పొందేవాడు ఎవరో దాతకు తెలియనట్లే, సాయం చేస్తున్నది ఎవరో పొందేవారికీ తెలియలేదు. గిల్డ్‌మిత్రులు అతని స్మృతికి ఆటలోనే ఏటా సమావేశమయ్యే ఆచారాన్ని నెలకొల్పారు.