పెంటయ్య ఎలా బతికాడు?

పిల్లలూ! మీ తాతల, నాయనమ్మల పేర్లు ఒక కాగితం మీద రాయండి. మీది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతమైతే ఆ కాగితమే ఒక పటంలా కనిపిస్తుంది. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న మొక్కు. ఐలయ్య, ఐలమ్మ అంటే ఐలోని మల్లన్న మొక్కు. 1946 జులై 4న కడవెండిలో తుపాకి గుండుకు బలైన దొడ్డి కొమురయ్య పేరులోనూ, పాలకుర్తిలో తన పంటను దక్కించుకున్న చాకలి ఐలమ్మ పేరులోనూ మల్లన్నే ఉన్నాడు. కురవి చుట్టూ వీరన్నలు, భద్రయ్యలు. మేడారం వైపు సమ్మయ్యలు, సారక్కలు. ఇక యాకయ్య! అన్నారం యాకూబ్ దర్గాలో మొక్కుకున్న హిందువుల ఇంటి పిల్లవాడు. నాకు మహా ఇష్టమైన పేరు ఇది.

మరి పెంటయ్య, పుల్లయ్య మాటేమిటి? ఈ పేర్లు వినగానే నవ్వకండి. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, మళ్లీ పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీదనో, పుల్లి విస్తరాకులోనో ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకునేది. పనికిరానిదనుకొని చావు వదిలేస్తుందని ఆశ. చైనా పల్లెల్లోనూ ఇదే ఆలోచన! అక్కడ 'గౌషెంగ్' అని పేరు పెట్టేవారు. కుక్క తినగా మిగిలినవాడని అర్థం.

"మా పెంటయ్య తాత ఎనభై ఏళ్లు బతికాడు కదా సార్, పేరు పనిచేసినట్టేగా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కాని మనకు కనిపించేది బతికిన పెంటయ్యలే. పురిట్లోనే పోయిన పెంటయ్యలు ఏ బడి హాజరు పట్టీకీ ఎక్కలేదు. పేరు కాపాడిందో లేదో తేలాలంటే పోయినవారినీ లెక్కపెట్టాలి, వేరే పేర్లు పెట్టిన పిల్లలనూ లెక్కపెట్టాలి.

పైగా పెంటలో ఒక ప్రమాదం దాగి ఉంది. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవుల బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతుకుతాయి. శుభ్రంలేని కొడవలితో బొడ్డు కోసినా, పచ్చి బొడ్డుకు పేడమట్టి తగిలినా అవి లోపలికి పోతాయి. కొద్ది రోజులకే బిడ్డ దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేదు. గర్భిణికి టీకా వేస్తే ఆమె రక్తంలో తయారయ్యే రక్షక పదార్థాలు కడుపులోని బిడ్డకూ చేరతాయి. టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల 2015లో మన దేశం బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చినట్టు గుర్తింపు పొందింది. పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయేవారు 1971లో 129 మంది. 2020లో 28 మంది.

మీ ఊళ్లో పెంటయ్య తాత ఉంటే, ఆయనకు ముందు ఎందరు పుట్టారో, ఎందరు మిగిలారో కనుక్కోండి. కాస్త మెల్లగా అడగండి.