విదేశీ భాషగా ఇంగ్లీషు బోధన: ఉపాధ్యాయులకు అందే తోడ్పాటు – జపాన్ అనుభవం

ఇంగ్లీషును ద్వితీయ భాషగా బోధించడం వేరు, విదేశీ భాషగా బోధించడం వేరు. మన దగ్గర ఇంగ్లీషు సరిగా రాని విద్యార్థి కూడా బడి బయట దాని మధ్యనే తిరుగుతుంటాడు. దుకాణాల బోర్డులు, మందుల చీటీ, బ్యాంకు ఫారం, సెల్‌ఫోను, అన్నిటిలోనూ అది కనిపిస్తుంది. జపాన్‌లోని ఒక చిన్న పట్టణంలో ఇవన్నీ జపనీస్‌లోనే సాగిపోతాయి. అక్కడి మాధ్యమిక పాఠశాల విద్యార్థికి వారానికి నాలుగు ఇంగ్లీషు పీరియడ్లు ఉంటాయి. గంట కొట్టగానే ఇంగ్లీషు తరగతి గదిలోనే ఆగిపోతుంది. బ్రజ్ కచ్రూ 1985లో ప్రతిపాదించిన మూడు వలయాల్లో మన దేశం బాహ్య వలయంలోకి, జపాన్ విస్తరిస్తున్న వలయంలోకి వస్తాయి.

ఈ తేడా వల్ల బయటి నుంచి వెళ్లిన ఉపాధ్యాయులకు కావలసిన తోడ్పాటు స్వరూపం కూడా మారుతుంది. తోడ్పాటు అనగానే చాలామంది పుస్తకాలు, సర్టిఫికెట్లు అనుకుంటారు. జపాన్ చరిత్ర చూస్తే అసలు తోడ్పాటు స్థానిక తరగతి గది నుంచే, స్థానిక ఉపాధ్యాయుల నుంచే వచ్చిందని అర్థమవుతుంది.

ఒక నిఘంటువు పుట్టుక

హెరాల్డ్ పామర్ అనే ఆంగ్లేయుడు 1922లో జపాన్ విద్యా మంత్రిత్వ శాఖకు భాషా సలహాదారుగా వెళ్లాడు. మరుసటి సంవత్సరం టోక్యోలో ఆంగ్ల బోధనా పరిశోధన సంస్థను స్థాపించి, 1936 వరకు దాన్ని నడిపాడు. 1924లో క్యూషూ దీవిలోని ఒయితాలో ఇంగ్లీషు బోధించడానికి ఎ.ఎస్. హార్న్‌బీ వచ్చాడు. తరవాత పామర్‌తో కలిసి పనిచేశాడు. అప్పటి ఇంగ్లీషు నిఘంటువులు ఇంగ్లీషు మాతృభాషగా గలవారి కోసం తయారైనవి. జపాన్ విద్యార్థి తడబడేది మాట అర్థం దగ్గర మాత్రమే కాదు. ఏ నామవాచకానికి 'ఎ' చేర్చాలి, దేనికి చేర్చకూడదు, ఏ క్రియ తరవాత ఎలాంటి నిర్మాణం రావాలి అనేవి అతనికి ఇంకా పెద్ద చిక్కులు. హార్న్‌బీ, ఇద్దరు సహచరులతో కలిసి, సరిగ్గా ఈ చిక్కులకు సమాధానం చెప్పే నిఘంటువును కూర్చాడు. లెక్కించదగిన నామవాచకాలను, లెక్కించలేని వాటిని వేరుచేసి గుర్తులు పెట్టాడు. క్రియలను 25 నిర్మాణాలుగా వర్గీకరించాడు. అది 1942లో, యుద్ధకాలంలో, టోక్యోలోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని తిరిగి వెలువరించింది. ఈనాడు మన కళాశాల గ్రంథాలయాల్లో కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం ఇదే. మీ దగ్గర ఆ నిఘంటువు ఉంటే, ఏదైనా నామవాచకం పక్కన 'సి', 'యు' అనే అక్షరాలు ఎలా వాడారో ఒకసారి చూడండి.

జెట్ కార్యక్రమం

జపాన్ ప్రభుత్వం 1987లో 'జెట్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. మొదటి ఏడాది నాలుగు దేశాల నుంచి 848 మంది వెళ్లారు. వీరిలో అత్యధికులు సహాయక భాషా ఉపాధ్యాయులు. వీరికి డిగ్రీ ఉంటే చాలు, బోధనలో శిక్షణ తప్పనిసరి కాదు. ఒప్పందం ఒక్కో ఏడాదికి ఉంటుంది, గరిష్ఠంగా ఐదేళ్ల వరకు పొడిగిస్తారు. శిక్షణ లేని యువకులను పరాయి దేశపు తరగతి గదిలో నిలబెట్టే పథకం కాబట్టి, దాని మంచి చెడ్డలన్నీ వారికి అందే తోడ్పాటు మీదే ఆధారపడ్డాయి.

ఆ తోడ్పాటు కొంత కాగితాల మీద ఉంటుంది: తొలి పరిచయ శిక్షణ, జిల్లా స్థాయి సలహాదారులు, ఏటా జరిగే బోధనా నైపుణ్య సమావేశాలు. వీటికన్నా ముఖ్యమైనది జపాన్ ఉపాధ్యాయుడితో కలిసి ఒకే తరగతిలో పాఠం చెప్పే పద్ధతి. ఇద్దరూ కూర్చుని పాఠాన్ని ముందుగా పంచుకున్న చోట ఇది బాగా నడుస్తుంది. ఆ సమయం దొరకని చోట విదేశీ ఉపాధ్యాయుడు పాఠం పైకి చదివి వినిపించే టేప్‌రికార్డరు స్థాయికి దిగిపోతాడు. 2020 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు మొదలైంది. అక్కడి తరగతి ఉపాధ్యాయులు చాలామంది ఇంగ్లీషులో ప్రత్యేక శిక్షణ పొందినవారు కారు. అందువల్ల సహాయకుల మీద భారం ఇంకా పెరిగింది. ఇద్దరికీ కలిపి వారంలో ఒక గంట ఖాళీ ఇవ్వడం ఎన్ని పుస్తకాలు పంపినా సాటిరాని సహాయమని నా అభిప్రాయం.

మాతృభాష ఒక వనరు

పీటర్ మెడ్యెష్ 1994లో వెలువరించిన గ్రంథంలో, ఇంగ్లీషు మాతృభాష కాని ఉపాధ్యాయులు విద్యార్థుల కష్టాలను ముందుగానే పసిగట్టగలరని వాదించాడు. తెలుగువారి విషయంలో ఇది మరీ స్పష్టం. 'బస్'ను మనం 'బస్సు' అన్నట్టే జపాన్‌వారు 'బసు' అంటారు. 'మిల్క్' అక్కడ 'మిరుకు', 'స్ట్రైక్' 'సుతొరైకు' అవుతాయి. 'వతాషి వ హోన్ ఒ యోము' అంటే 'నేను పుస్తకాన్ని చదువుతాను'. మాటల వరస మనదే, క్రియ చివరనే. 'ఎ', 'ది' వంటివి వారికీ లేవు, మనకూ లేవు. 'లైట్', 'రైట్' రెండూ వారి నోట 'రైతో' కావడం మాత్రం మనకు లేని చిక్కు.

అయితే నియామక నిబంధనలు ఈ అనుకూలతను లెక్కలోకి తీసుకోవు. బోధకుని హోదాలో వచ్చే సహాయక ఉపాధ్యాయులు, తాము బోధించే భాషా మాధ్యమంలోనే కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలని జపాన్ వలస నిబంధన అడుగుతుంది. తెలుగు మాధ్యమంలో పాఠశాల చదువు ముగించినవారు దరఖాస్తుకు డబ్బు ఖర్చు పెట్టకముందే దీన్ని పరిశీలించుకోవాలి.

సర్టిఫికెట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 'సెల్టా' వంటి కోర్సులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటల బోధనను పరిశీలించి మార్కులు వేస్తారు. 120 గంటలని రాసి ఉన్న అనేక ఆన్‌లైన్ కోర్సుల్లో ఒక్క విద్యార్థి కూడా ఎదురుపడడు. మనకు దగ్గరలో హైదరాబాద్‌లోని ఇఫ్లూ ఇంగ్లీషు బోధనలో పోస్టుగ్రాడ్యుయేట్ డిప్లొమాను దూరవిద్యలో కూడా నడుపుతోంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీ ఇరుగుపొరుగు పిల్లలు రాసిన ఒక ఇంగ్లీషు పేరా తీసుకోండి. అందులోని తప్పుల్లో తెలుగు ప్రభావం వల్ల వచ్చినవి ఏవో గుర్తించండి. వాటిలో ఏవి జపాన్ విద్యార్థి కూడా చేసే అవకాశం ఉందో, ఎందుకో పది వాక్యాల్లో రాయండి.